నల్ల బండి

సెతూబల్ రేవులో చేపల వాసన తగ్గే వేళ
ఔరేలియు షెడ్డు తలుపు సగం దించి
శవవాహనం ముందు మోకాళ్ల మీద కూర్చుంటాడు.
రేపు పదకొండింటికి ఎవరిదో ప్రయాణం.

టార్చి వేస్తే బయటపడతాయి,
తలుపు నిండా సాలీడు అల్లినట్టు సన్నని సుడులు.
"ఎవరూ గీకలేదు జుల్మీరా,
ఇవి మనం తుడిచిన గుర్తులే.
గుడ్డలో ఒక్క ఇసుక రేణువు చాలు."

శనగగింజంత పాలిష్.
ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా,
జానెడు చోటు అయ్యేదాకా పక్కకి జరగడు.
నేను గట్టిగా నొక్కితే కసురుతాడు:
"రొట్టె పిండి కాదది!"

గీత పూడుతుందనుకున్నాను ఇన్నాళ్లూ.
పూడదట.
దాని చుట్టూ ఉన్న ఎత్తే
గీత లోతుకు దిగి వస్తుందట.
అద్దంలాంటి ఆ పైపొర ఎంత పల్చనో!
ఇంకో నాలుగైదు సార్లు, అంతే, అంటాడు
బండి గురించో, తన మోకాళ్ల గురించో.

రాత్రి రెండింటికి మళ్లీ టార్చి వేశాం.
నలుపులో ఒకే ఒక్క దీపం, చెదరకుండా.

పొద్దున
పెద్దావిడ ఒకామె తలుపు దగ్గర నిలబడి
అందులో తన ముఖం చూసుకుంది.
ఊపిరి ఆవిరి కమ్మితే
ఉన్ని కోటు చేతి అంచుతో
గుండ్రంగా, గుండ్రంగా తుడిచింది.

నేను ముందుకు అడుగేశాను.
ఔరేలియు నా భుజం పట్టుకున్నాడు.
రెండో చేత్తో టోపీ తీసి
ఆమె తుడవడం అయ్యేదాకా
ఆగాడు.