టికే ఢిలా

మూడో గేరులో మొదలైంది.
పుట్టాసింగి ఘాటెక్కుతుంటే
కాళ్ల మధ్య ఎవరో చోళ్లు విసురుతున్నట్టు.
నాలుగులోకి వేస్తే తగ్గేది, దిగుతుంటే మళ్లీ తిరగలి.
నెల్లాళ్లు ఊరుకున్నాను.
అరవై ఎనిమిది నాటి జావా,
దానికి మాత్రం మోకాళ్ల నొప్పులుండవా అని.

తవిటినాయుడు కేసు విప్పి
వేలితో తిప్పుతూ నా చెవి దగ్గర పెట్టాడు.
"ఇనండి బాబూ. గుళ్లకి గుంటలు పడిపోనాయి."
పాత బేరింగు మీద మడ్డి తుడిచి చదివాం.
ఆరు, రెండు, సున్నా.
చివరి అంకె అరిగిపోయింది.
నాలుగా, అయిదా?

వెర్నియర్ తీశాను. ఆఫీసుది కాదు, నా సొంతం.
లోపలి కన్నం ఇరవై అయిదు మిల్లీమీటర్లు,
వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు.
అయితే అయిదు.
ముప్పై ఒక్కేళ్లు గుణుపురం చుట్టుపక్కల సంతల్లో
తూకపురాళ్ల అడుగున సీసం మీద ముద్ర కొట్టినవాణ్ణి.
అంకె దొరికితే వస్తువు దొరికినట్టే అనుకున్నాను.

స్టేషన్ రోడ్డులో కుముదిని పాత్రో కొట్టు.
గాజు బల్ల మీద మూడు పెట్టింది.
మూడూ అరవై రెండు సున్నా అయిదే.

మొదటిది రెండు వైపులా నల్ల రబ్బరు మూతలతో
నిగనిగలాడుతోంది. నూట ఇరవై.
"ఇది పంపుసెట్టుకి. గేరుబాక్సులో నూనె లోపలికి పోవాలి.
మూతి కట్టేస్తే ఎలా తాగుతుంది?"
తనే వెనక్కి లాగేసింది.

రెండోది మైనపు కాగితంలో.
వాళ్ల నాన్న కాలం సరుకు,
చెకోస్లోవేకియా అని ఇంకా చదవొచ్చు.
ఆ దేశం లేదు, అక్షరాలున్నాయి.
బండి మైసూరులో పుట్టినా గోత్రం అక్కడిదే కదా,
నా చెయ్యి దానివైపే పోయింది.
కిరసనాయిల్లో కడిగి వెలుగుకి పట్టింది.
గ్రీజు బెల్లంపాకంలా గట్టిపడిన చోట
ఆవగింజంత తుప్పు.
ఒక్కరోజూ తిరగలేదది.
ఉన్నచోటే కూర్చుని కూర్చుని
గుళ్లు తమ కిందే గొయ్యి తవ్వుకున్నాయి.

మూడోది మామూలు అట్టపెట్టెలో.
అంకె పక్కన ఇంగ్లీషు సీ, దాని పక్కన మూడు.
బయటి చక్రం పట్టి ఊపమంది.
కదిలింది. కంటికి కాదు, వేళ్లకి తెలిసింది.
"కొత్తదానికే ఈ ఆటేమిటమ్మా,
నా దగ్గరికొస్తే తిప్పి పంపేవాణ్ణి."

ఆమె నవ్వలేదు.
"తెలుసు. తొంభై ఒకటిలో మా నాన్న తక్కెడని తిప్పి పంపారు,
ముల్లు నువ్వుగింజంత వాలిందని.
రెండు సంతలు కొట్టు తియ్యలేదు."
గాజు బల్ల మీద నా చేతులు చూసుకున్నాను.
ఆ తక్కెడ గుర్తు రాలేదు.
గుర్తు రాకపోవడమే సిగ్గనిపించింది.

మళ్లీ బేరింగు ఎత్తి, సగం ఒడియాలో చెప్పింది:
"ఇక్కడ చల్లగా ఉంది, అందుకని వదులు.
ఘాట్ మీద నూనె కాగితే ఇనుము ఉబ్బుతుంది,
అప్పుడు సరిపోతుంది.
ఇప్పుడే సరిపోయిందంటే అక్కడ పట్టేస్తుంది,
మీరు లోయలో ఉంటారు.
టికే ఢిలా, ఆజ్ఞా. కొంచెం వదులుండాలి."

నాలుగువందల ఎనభై. బేరమాడలేదు.
చిల్లర ఆమె ఒడియాలో లెక్కపెట్టింది,
నేను తెలుగులో సరిచూసుకున్నాను.
రెండిట్లోనూ ఇరవయ్యే.

ఆ రాత్రి బేరింగు సోడాకొట్టు ఫ్రిజ్‌లో
పుల్లఐసుల మధ్య పడుకుంది.
పొద్దున్న తవిటినాయుడు కేసుని పొయ్యి మీద పెట్టి,
ఉమ్మి చుయ్యిమన్నాక దించి,
పొగలుగక్కే చలిముద్దని అందులో వదిలాడు.
సుత్తి ఎత్తనే లేదు.
కునుకులోకి జారినట్టు జారింది.

నిన్న ఘాటెక్కాను. మూడో గేరు.
తిరగలి ఆగిపోయింది.
ఇప్పుడు గొలుసు చప్పుడు వినిపిస్తోంది,
ఇన్నాళ్లూ ఉందో, కొత్తగా వచ్చిందో.
తిరుగుదారిలో స్టేషన్ రోడ్డున
ఇంజను ఆపకుండా ఒక నిమిషం నిలబడ్డాను.
కుముదిని తలెత్తి, విని,
మళ్లీ లెక్కల పుస్తకంలోకి దించింది.