ఎనిమిదో వారం ఫిల్మ్

పర్లాకిమిడి ఆస్పత్రిలో, కరెంటున్న గంటలో
లైన్‌మ్యాన్ తవిటినాయుడి కుడి పాదం
వెలుగుపెట్టెకి తగిలించాను.

స్తంభం మీంచి పడ్డాడు. మడమకీ కాలికీ మధ్య
ఏ కండా పట్టుకోని ఎముక అది.
నెత్తురు దానికి వెనకదారిన, అరువుగా వస్తుంది.
విరిగాక ఆ దారి తెగిందో లేదో
రెండు నెలలదాకా చెప్పదు.

"తెల్లగా మెరుస్తంది, గట్టిపడినట్టే గదా బావూ"
అంది వాళ్లావిడ దాలమ్మ.
ఎలా చెప్పను?
నెత్తురందే ఎముక సున్నం పోగొట్టుకుంటుంది,
పలచబడుతుంది.
చచ్చిందే తన తెలుపు దాచుకుంటుంది.

నేను వెతికేది నలుపు.
గుండ్రటి నెత్తి కింద
చంటిదాని కంటికి దిద్దినట్టు
సన్నటి కాటుక గీత.

లోపలివైపు ఉంది.
సగందాకా వచ్చి ఆగింది.

పాణిగ్రాహి డాక్టరు కళ్లజోడు తుడుచుకుని
"ఆవు దుయి మాస" అన్నాడు.
ఇంకో రెండు నెలలు. కాలు నేల మోపొద్దు.

ముందు పుట్టినవాళ్లు దక్కక
శేరు తవుడిచ్చి కొన్నారట వీణ్ణి, మంత్రసాని దగ్గర.
ఆ బేరం గుర్తొచ్చిందేమో
దాలమ్మ ఫిల్మ్ అందుకుని
కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది,
గీత లేనివైపు
వేలితో గీస్తూ.