ముప్పై, ఒకటి

తుమ్మలొద్ది పోలింగు కేంద్రం.
జాబితాల ముప్పై ఏడు పేర్లు.
వాగు దాకా ట్రాక్టరు, వాగు దాటినంక ఎడ్లబండి,
గుట్ట మీదికి మిషిన్ పెట్టె
సిడాం మారుతి నెత్తిన.
"నీ ఓటు నువ్వే మోసుకొస్తున్నవ్" అన్న.
ఎవలూ నవ్వలే. ఎక్కుడు అట్లున్నది.

రాత్రి బడి వరండాల చలి.
నెగడు కాడ ఆత్రం లచ్చు పటేల్ అడిగిండు:
"ఈసారి మేం ఏ సీటు కింద సారూ?"
చెప్పిన.
"మా తాత ఒక సీటుకేసిండు, మా నాయిన ఇంకోదానికి.
గూడెం జానెడు కదల్లే.
మీ గీతనే, బెదిరిన పసరం లెక్క,
మా మీదికెల్లి అటొకసారి ఇటొకసారి దాటిపోయింది."

నా దగ్గర నక్ష ఉన్నది.
దాంట్ల నియోజకవర్గం పరిచిన దుప్పటంత.
తుమ్మలొద్ది అందుల చీమ గూడ గాదు,
చీమ నడిచిన జాగ.

పొద్దుగాల ఏడింటికి లైను.
లైనంటే పదకొండు మంది,
ఒకామె చంకల మేకపిల్ల.
దాని గిట్టకు గూడ సిరా సుక్క పెట్టుమని పోరగాండ్లు.
తొమ్మిదిన్నరకు ముప్పై పడ్డయి.
ఐదుగురు వాగవతల పత్తి ఏరబోయిండ్రు.
టేకం జైతుబాయి ఎండకాలమే పోయింది,
జాబితాల మాత్రం ఇంకా చూస్తున్నది.
ఓటేసి ఇంటికి పోయిన ఆమె పెనిమిటి మళ్ల వచ్చిండు:
"ఆమె రాదు సారూ. చెప్పి పోదామని."

ముప్పయ్యొకటో మనిషి మూడు గంటలకు.
పేరు ఇక్కడ రాయను.
అట్ట వెనక నిలబడుడే, చప్పుడు లేదు.
నిమిషం. రెండు.
బయట వడ్రంగి పిట్ట చెట్టును తడుతున్నది.
"నీలం బటన్ ఒత్తాలె" అన్న, అటు చూడకుండ.
"ఎరుకే."
ఇంకింత సేపటికి మిషిన్ కూసింది.

లెక్కల నాడు తుమ్మలొద్ది ఎదురుంగ
ఒక గుర్తుకు ముప్పై,
ఇంకో గుర్తుకు ఒకటి.

రెండు లక్షలల్ల ఒకటిని దాసుకోవచ్చు.
ముప్పై ఒకటిల యాడ దాస్తవ్?
కోసిన చేన్ల కుందేలు అది,
ఎటు ఉరికినా కనపడ్తది.

మాపటికి మండలం నుంచి ఫోను.
"ఆ ఒక్కటి ఎవలిది సారూ? ఊకెనే, తెల్సుకుందామని."

ఆ మనిషిదేనా? నాకు తెల్వదు.
తెల్వకపోవుడే ఆ రోజు నా నౌకరి.

"నాది" అన్న.
"మీ ఓటు హన్మకొండల గదా."
"అవ్."

అవతల కొంచెం సేపు చప్పుడు రాలే,
అట్ట వెనక నిలబడ్డట్టే.
పెట్టేసిండు.

వేలు చూసుకున్న. సుక్క లేదు.
ఈ డ్యూటీల పడి
పోస్టల్ కాగితం నింపుడు మర్సిన,
హన్మకొండల నా పేరు ఎదురుంగ
ఆ గడి ఖాళీ.