పద్నాలుగు బండలు

ఎర్రగుంట్ల నుంచి మూడు లారీల బండ వచ్చింది.
నల్లది, రెండంగుళాల మందం, ఒక పక్క నునుపు.
చలానా మీద సంతకం పెడుతూ అడిగాను:
"ఎన్ని విరిగినాయి?"
డ్రైవరు దస్తగిరి తల గోక్కున్నాడు.
"దింపితే గదా మేడం తెలిసేది."

జమ్మలమడుగు సబ్‌జైలుకు కొత్త బ్యారక్.
నాలుగేళ్లలో మూడుసార్లు వేసిన అంచనా.
మొదటిసారి కోటీ ఎనభై లక్షలు,
పైన ఒప్పుకోరన్నారు.
రెండోసారి పైకప్పు రెండడుగులు దించాను.
మూడోసారి కిటికీలు కోశాను,
గాలికి షెడ్యూల్లో రేటు లేదు,
కోసినా ఎవరూ అడగరు.
గోడ ఎత్తు మాత్రం ఎవరూ తగ్గించమనలేదు.
పద్దెనిమిది అడుగులు, పైన ముళ్లతీగ,
మూడు ఫైళ్లలోనూ అది అట్లాగే నిలబడి ఉంది.

టెండరు పుల్లంపేట చెంగల్రాయుడికి పడింది.
పన్నెండు శాతం లెస్సు.
"ఎట్ల గిడుతుందయ్యా నీకు?"
"గిట్టదు మేడం. పేరుంటుంది గదా."
జైలు కట్టినోడన్న పేరు ఎందుకో నాకర్థం కాలేదు.
సిమెంటు బస్తాలు మాత్రం రోజూ నేనే ఎంచుకున్నాను.

మేస్త్రీ నడిపి ఓబులేసు.
బండ పరిచే రోజు టేపు పక్కన పడేసి
ఎర్రమట్టి మీద వెల్లకిలా పడుకున్నాడు,
చేతులు రొమ్ము మీద పెట్టుకొని.
"ఇదీ మేడం, ఒక మనిషి.
ఆరడుగులు, రెండున్నర.
పక్కకు పొర్లితే ఇంకో జానెడు.
మీ ప్లానులో ఆ జానెడు లేదు."

నీకెట్ల తెలుసని నేనడగలేదు.
చెంగల్రాయుడే తర్వాత చెప్పాడు, గొంతు తగ్గించి:
గెట్టు తగాదా, పదకొండు నెలలు,
ఇదే జైలు, పాత బ్యారక్.
చివరికి కేసు కొట్టేశారు.
ముప్పై మంది గదిలో డెబ్బై ఒక్కరు
వంతులేసుకొని పడుకునేవాళ్లంట.

ఆ రాత్రి ఇంట్లో ప్లాను పరిచి
పెన్సిల్‌తో మనిషికో జానెడు గీశాను.
ముప్పై కాస్తా ఇరవైనాలుగైంది.
ముప్పై అని మంజూరైన కాగితం మీద
ఇరవైనాలుగు రాసే కలం నా దగ్గర లేదు.
రబ్బరుతో తుడిచేశాను.
పొద్దున ముప్పైకే మార్కింగ్ ఇచ్చాను.
ఈ మాట దాచి ఉంటే
మీకు ఇంకాస్త మంచిదాన్నిగా కనిపించేదాన్ని.

బుధవారం ములాఖత్.
గేటు బయట నిలువ నీడ లేదు.
ప్రొద్దుటూరు నుంచి మొదటి బస్సుకొచ్చిన మాబున్ని
కింద పెడితే చీమలని
క్యారియర్ రెండు గంటలు చేత్తోనే పట్టుకొని నిలబడింది.
"వేచివుండు స్థలము, అరుగు" అని
అంచనాలో ఉండేది, క్రమసంఖ్య నలభైమూడు.
మొదటి కోతలోనే పోయింది.

"మేడం, విరిగిన బండలు పద్నాలుగున్నాయి"
అన్నాడు ఓబులేసు.
వెళ్లి చూశాను.
రెండిటికి మూలలు లేచినాయి, అంతే.
"అవును, విరిగినాయి" అన్నాను.

పొద్దున పదింటికి గోడ నీడ ఎంత దూరం పడుతుందో
అతనికి తెలుసు, లోపలి నుంచి నేర్చుకున్నాడు.
బయట పడమటి వైపు, ఆ నీడ కొలతకు
అరుగు కట్టాడు. కూలి అడగలేదు.
పద్దెనిమిది అడుగుల ఎత్తుకు
మొదటిసారి ఒక పని దొరికింది.

మార్చిలో ఆడిట్.
సుగుణకుమారి గారు కొలతల పుస్తకంలో
ముప్పై ఏడో పేజీ దగ్గర ఆగారు.
"వృథా ఎక్కువ చూపించారు. కారణం?"
"రవాణాలో విరిగినాయండీ."
"ముక్కలు చూపించండి."

బయటికి తీసుకెళ్లాను.
అరుగు మీద తొమ్మిది మంది, ఒక పిల్ల నిద్రలో.
ఆవిడ పెన్నుతో ఒక్కో బండా ఎంచుకుంటూ వెళ్లారు.
పదమూడు. పద్నాలుగు.
చివరిదాని మీది మాబున్ని లేవబోయింది.
"కూర్చోమ్మా" అన్నారు.

లోపలికొచ్చి అభ్యంతరం రాశారు.
వసూలు చేయవలసినది ఆరువేల నాలుగు వందల అరవై.
నా జీతంలో మూడు వాయిదాలు.

రసీదు దాచుకున్నాను,
ఎందుకో అడిగితే చెప్పలేను.
మొన్న వార్డరుకు ఫోన్ చేశాను,
కొత్త బ్యారక్‌లో ఎందరున్నారని.
నలభై ఆరు, అన్నాడు.