చీటీ పాట

ఆరేళ్ళుగా ప్యాకింగ్ లిస్టుల మీద
ఆ రేవు పేరు నేనే కొడుతున్నాను:
కావ్‌షుంగ్.
కంటైనరు నంబరు, బండిల్ నంబరు,
రెండు సెంటీమీటర్ల మందం, అద్దం పాలిష్.
ఒక మధ్యాహ్నం కరెంటు పోయి
చీమకుర్తిలో కటింగ్ మిషన్లన్నీ ఒక్కసారి నోరు మూసుకుంటే
ఏం తోచక ఆ పేరే ఫోన్లో కొట్టాను.
ఓడలొస్తాయనుకున్నా.
గిటార్లేసుకుని నలుగురు పిల్లలొచ్చారు.

బ్యాండు పేరుకి అర్థం చూరునీళ్ళంట.
బేస్ వాయించే అమ్మాయికి ముందుపన్ను విరిగుంది,
పాడేటప్పుడు దాచుకోదు.
నాకు ముందు నచ్చింది అదే.

కాలేషాకి వినిపించా.
ఇరవై టన్నుల రాయిని క్రేనుతో
నిద్రపోయే బిడ్డని దించినట్టు దించే మనిషి.
"ఇదేం బాసక్కా" అన్నాడు.
వారం తిరక్కుండా పల్లవంతా నోటికొచ్చేసింది,
ఒక్క ముక్కకీ అర్థం తెలీకుండా.
ఎస్తేరు రాణికి వాడే అంటించాడు.
ఒంగోలు పెద్దాసుపత్రిలో నైట్ డ్యూటీ ఆమెది,
ఒక చెవిలో వాళ్ళు,
ఒక చెవిలో వార్డు.

నవంబరు ఇరవై రెండున, వాళ్ళ సొంతూళ్ళో,
పదేళ్ళ కచేరీ.
కూర్చునే టికెట్లు మన తాహతు కాదు.
మూడు గంటలు నిలబడగలమా అంటే
ఎస్తేరు నవ్వింది:
"నేను నిలబడే గదా జీతం తెచ్చుకునేది."

పగిలిన పలకల గుట్ట మీద కూర్చుని
నల్లరాయి మీద సుద్దముక్కతో లెక్క రాశాం.
చెన్నై దాకా రైలు. ఆపైన విమానం.
బ్యాంకులో చూపించాల్సిన డబ్బు వేరే,
అది ఖర్చుకి కాదంట, చూపుకేనంట,
పెళ్ళిలో పెట్టుకునే ఎరువు నగల్లాగా.
కాలేషా కూడిక తప్పాడు.
తుడిచేస్తే రాతిలోని బంగారు చుక్కలు మిగిలాయి,
అంకెలు పోయాయి.

సుబ్బరత్నమ్మ గారి చీటీలో
పాట వినడానికి పాట పాడాను.
పదకొండు వేలు వదులుకుంటానని పాడా.
నాకెదురు పాడినామెకి గేదె కావాలి.
పదిన్నర దగ్గర ఆగిపోయింది.
గేదె మీద గెలిచి
రెండ్రోజులు ఆ వీధిన పోలేకపోయాను.
"దేనికమ్మా ఇంత తొందర" అంటే
ఇంటి అవసరం అన్నాను.
ఏ ఇల్లో చెప్పలేదు.

పాస్‌పోర్టు విచారణకి కానిస్టేబులొచ్చాడు.
"ఏం పని మీద?"
పాట వినడానికి సార్.
"ఉద్యోగమా?"
కాదు సార్.
"అక్కడ మనవాళ్ళెవరన్నా ఉన్నారా?"
నలుగురున్నారు సార్,
నేనున్నానని వాళ్ళకి తెలీదు.
పెన్ను ఆగింది.
"ఆ పాటేదో ఇక్కడ వినపడదా?"
వినపడుద్ది సార్.
తగలదు.

ఆయన నవ్వబోయేలోగా
క్వారీ సైరన్ మోగింది.
తర్వాత ఆ పేలుడు. ముందు పాదాల్లోకి,
తర్వాత పక్కటెముకల్లోకి,
ఆఖర్న చెవికి.
టీ గ్లాసులో వలయాలు ఆగేదాకా
ఇద్దరం ఏం మాట్లాడలేదు.
"విహారం అని రాసుకుంటా" అన్నాడు,
"పాట అని రాస్తే పైవాళ్ళు నన్నడుగుతారు."

నాది వచ్చింది. కాలేషాదీ వచ్చింది.
ఎస్తేరుది తిరిగొచ్చింది.
టెన్త్ సర్టిఫికెట్లో రాణి ఉంది,
ఆధార్లో లేదు.
నిన్న రెండు కంటైనర్లు ఆ రేవుకే బయల్దేరాయి.
రాళ్ళ ఇంటిపేరు ఎవరడిగారు?
సీలు నంబరు కొడుతూ ఒక అంకె తప్పాను,
ఆరేళ్ళలో మొదటిసారి.

మూడో టికెట్టు కూడా కొనేశాం.
రాణి కోసం ఎస్తేరు
మీసేవ గుమస్తా చుట్టూ తిరగతానే ఉంది.
డ్యూటీ దిగి నేరుగా వచ్చి
సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసింది మొన్న.
మెత్తటి బూట్లు.
నిలబడ్డానికి.