తుమ్మితే ఆగాలి

రాత్రి వాన పడింది ఏటుకూరు రోడ్డులో.
కోల్డ్ స్టోరేజీ వెనక నల్లరేగడి
పైపైన ఎండినట్టు నటిస్తోంది.
నా లారీ వీపు మీద కొత్త కంప్రెసర్.
ఎత్తి, గోడవారన దిమ్మె మీద కూర్చోబెట్టాలి.
"అరగంట పని మస్తానూ" అన్నాడు గుమాస్తా.
బరువెంతని అడిగాను.
"ఎంతో ఉండదులే."
ఎంతో ఉండదు అనే అంకె
క్రేను తలుపు మీది పట్టికలో లేదు.
కాగితం తెప్పించి చూస్తే మూడు టన్నుల చిల్లర.

చెయ్యి చాచేకొద్దీ బరువు పెరుగుద్ది.
నమ్మకపోతే నిండు బిందె
చాచిన చేత్తో పట్టుకుని చూడు,
ఎన్ని అంకెలు లెక్కపెట్టగలవో.

ముందు కాళ్లు దించాలి, నాలుగూ, పూర్తిగా.
సగం చాచిన కాలు
పడేదాకా నిజంలాగే నిలబడుద్ది.
ఒక్కో పాదం కింద పాత రైలు చెక్కలు,
ఒకటి అడ్డం ఒకటి నిలువు,
ఏసోబు భుజాన మోసుకొచ్చి పరిచాడు.
ఈ నేల సంగతి మాకు తెలుసు:
మిరపకి తల్లి, ఇనుముకి ఊబి.
రసమట్టంలో బుడగ అటూ ఇటూ మసిలి
గీత మధ్యకొచ్చి పొదిగే కోడిలా సర్దుకుంది.

పైన పదకొండు వేల వోల్టుల తీగ.
దాని మీద కాకి.
కాకిని చూసి ధైర్యం తెచ్చుకున్నవాణ్ణి ఒకణ్ణి
ఆటోనగర్‌లో ఎరుగుదును.
కాకికి నేలతో పొత్తు లేదు, మనకుంది.
సబ్‌స్టేషన్‌కి మనిషిని పంపి ఎల్‌సీ తీసుకునేసరికి
పదకొండైంది. గుమాస్తా వాచీ చూపించాడు.

సైగలు ఏసోబువే.
గుమాస్తా చేతులు, దారినపోయే సలహాల చేతులు
నాకు గాలికూగే జొన్నకంకులు.
ఒక్క "ఆపు" మాత్రం
పాలుతాగే పిల్లాడిదైనా వింటాను.

జానెడు లేపి ఆగాను. గొలుసులు బిగిశాయి, బాగానే ఉంది.
నెమ్మదిగా ఎడమకి తిప్పుతున్నా,
షెడ్డులోంచి మిరపకోరు లేచింది,
ఏసోబు తుమ్మాడు.
గాల్లోకి ఎగిరిన ఆ చెయ్యి
నాకు తెలిసిన ఏ సైగా కాదు.
లివర్లు వదిలేశాను.

మా అమ్మకైతే తుమ్ము అపశకునం,
గడపలో కూర్చోబెట్టి గుక్కెడు నీళ్లు ఇచ్చేది.
నాకు శకునాలు పట్టవు.
కానీ ఆ కాసేపటి నిశ్శబ్దంలోనే
ముచ్చికలు తీస్తున్న నాంచారమ్మ అంది,
"అయ్యా, ఆ చెక్క కిందనుంచి నీళ్లొస్తన్నాయి."

వెనక ఎడమ కాలు. చెక్క ఒక మూల ఒరిగి,
బురద బుడగలు బుడగలుగా.
వచ్చిన దారినే తిప్పి, లారీ వీపు మీదే దింపాను,
నిద్రపోయే బిడ్డని దించినట్టు.
"తుమ్ముకి భయపడతారా ఈ కాలంలో?"
గుమాస్తా నవ్వాడు, చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

తవ్వాం. కంకర పోశాం. ఇంకో నాలుగు చెక్కలు.
మళ్లీ రసమట్టం, మళ్లీ జానెడు, మళ్లీ ఆగడం.
మూడింటికి కంప్రెసర్ దిమ్మె మీద కూర్చుంది.
కిరాయిలో మూడొందలు కోసేశారు.

బూమ్ మడిచి, కాళ్లు ముడిచాక
ఆ గుంటలో చూపుడువేలు పెట్టి చూశాను.
వేలు మొత్తం దిగింది, ఇంకా అడుగు తగల్లేదు.
ఏసోబు మళ్లీ తుమ్మాడు.
"చిరంజీవ" అంది నాంచారమ్మ,
కాయల మీంచి తలెత్తకుండానే.