మొదటి ఆయిలు

షోరూం నుంచి సరాసరి
సింగుపురం షెడ్డుకే తెచ్చాను.
తవిటయ్య బోనెట్ మీద అరచెయ్యి ఆనించాడు,
జొరం చూసినట్టు.
"వెయ్యి కిలోమీటర్లు, బాబూ.
అందాకా ఎనబై దాటించీకు.
అలాగని ముప్పై మీదే ఊరేగించీకు.
ఎక్కించు, దించు. ఊపిరి తియ్యనీ.
కొత్త రింగులు, కొత్త గోడలు,
ఒకదాని గరుకు ఒకదానికి తెలాల."

బండితో ఇచ్చిన పుస్తకంలో
ఇదే మాట పదకొండో పేజీలో ఉంది.
నాకు మాత్రం అర్థమయింది
పొందూరులో, అమ్మ పక్కన కూర్చున్నాకే.

అమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతోంది.
చేప చచ్చి ఎన్నాళ్ళయిందో,
పళ్ళు ఇంకా పని మానలేదు.
గట్టిగా లాగితే పోగు తెగుతుంది,
అసలు లాగకపోతే నలక పోదు.
"ఇంజను లోపల ఏటవుతాదిరా?" అంది.
"నువ్వు చేసేదే" అన్నాను.
నమ్మలేదు.
బండి చుట్టూ ఒకసారి తిరిగి
అద్దం మీద తను అంటించిన పీచు
తనే తుడిచి వెళ్ళింది.

పద్నాలుగేళ్ళు ఊరోళ్ళ బళ్ళు తోలిన కాలు,
నా మాట వినదు.
మడపాం టోలు గేటు దాటగానే
రోడ్డు నున్నగా పరుచుకుని పిలుస్తుంది.
ఒడిశా లారీ హారన్ కొట్టి ఎగతాళి చేస్తుంది.
మోపెడ్ మీద చేపల బుట్టలాయన
నన్ను దాటి, వెనక్కి తిరిగి, జాలిపడ్డాడు.
ముల్లు డెబ్బై. మళ్ళీ యాభై. మళ్ళీ అరవై అయిదు.
ఎత్తు ఎక్కుతూ అయిదో గేరులో మూలిగితే
సిగ్గుపడకుండా నాలుగుకి దిగడం.
పొద్దున్నే పుల్ల తీసి, తుడిచి, ముంచి,
మళ్ళీ తీసి చూసుకోవడం.
టెక్కలి క్వారీల వైపు వెళ్ళొస్తే
ఫిల్టరు విప్పి గోడకేసి తట్టడం,
నీలం రాయి బూడిద రంగులో రాలుతుంది.

నరసన్నపేట పెళ్ళివాళ్ళు అడిగారు,
తొమ్మిదిమంది, సామాను, ఇచ్ఛాపురం దాకా.
వద్దన్నాను.
దాలమ్మ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.
నిజమే,
కిస్తీకి ఈ వెయ్యి కిలోమీటర్ల నియమం లేదు,
అది మొదటి రోజే టాప్ గేరు.

నన్నెవరూ ఇలా నడపలేదు.
పదమూడేళ్ళకి క్లీనరుగా ఎక్కించారు.
మొదటి రాత్రే విజయవాడ, రెండో రాత్రి తిరుగు లోడు.
మూడో రాత్రి ఎక్కడో గుర్తులేదు,
తాడు పట్టుకుని నిలబడే నిద్రపోయాను.
లోపల ఏదో రింగు అప్పుడే గీసుకుపోయుంటుంది.
చలికాలం తెల్లారగట్ల
దగ్గులో ఇప్పటికీ వినిపిస్తుంది.

వెయ్యిన్నీ ముప్పై దగ్గర గుంత మీద ఎక్కించాం.
తవిటయ్య నట్టు వదులు చేశాడు.
వేడివేడిగా దిగింది మొదటి ఆయిలు.
పళ్ళెం ఎండలోకి తిప్పితే
నలుపులో సన్నటి మెరుపు,
నాగావళి ఇసకలో కాకిబంగారంలా.
షెడ్డులో కొత్తగా చేరిన ఢిల్లేసు వేలు ముంచాడు.
"బంగారమేటి?"
"అరుగుదలరా. కూసింత అరక్కపోతే కుదురుకోదు.
ఈయేలే తీసీయాల,
లోపలుంచితే అదే గీసీస్తాది."

గుంటడు బలమంతా పెట్టి నట్టు బిగించబోయాడు.
"అంత బిగించీకు, మర పోతాది!"
స్పానరు జారి వాడి మోకాలికి తగిలింది.
"వీడు పొద్దున్నేమైనా తిన్నాడా?" అని అడిగాను.
తవిటయ్య నాకేసి చూశాడు,
సర్వీసు చీటీలో లేని పని చెప్పినట్టు.
తర్వాత జేబులోంచి ఇరవై తీశాడు.

"రేపట్నుంచి తొంబై తొక్కుకో" అన్నాడు.
ఎందుకో ఇంటికి అరవైలోనే వచ్చాను.
పాత ఆయిలు సీసాలో పోసి తెచ్చాను,
అమ్మ అడిగింది,
గేటు కీచుమంటోందట.